పులికని బయల్దేరి

సోమవారం పొద్దున్నే షాపు తెరవాల్సిన సూర్యారావు, షట్టరు ఎత్తకుండా దానికి "పది రోజులు సెలవు" అని రాసిన అట్టముక్క తాడుతో కట్టాడు. విజయనగరంలో ఆ స్టీలు సామాన్ల షాపు పెట్టిన ఇరవై ఏడేళ్ళలో పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప మూసింది లేదు. ఇప్పుడు మూస్తున్నది భార్య కాంతం కోసం. పులిని బోనులో కాదు, అడవిలో ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆవిడ కోరిక. టీవీలో పులి కనబడితే చాలు, పొయ్యి మీద పాలు పొంగిపోవలసిందే. పుట్టినరోజుకి పట్టుచీర కొంటానంటే, "చీరొద్దు, పులిని సూపించండి" అంది. మధ్యప్రదేశ్ అడవిలో నాలుగు జీపు సఫారీలు, రాయపూర్ దాకా రైలు, అన్నీ సిద్ధం.

అట్ట కడుతుంటే ఎదురు షాపు తిరుమలరావు చూశాడు.

"ఏటి సూర్యారావుగారూ, ఎక్కడికేటి?"

యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని పులిని చూడ్డానికి పోతున్నానని ఎలా చెప్తాడు? సిగ్గేసింది. "అలా ఉత్తరాదికి" అన్నాడు.

ఇంకేముంది! ఆ వయసు దంపతులు ఉత్తరాదికి రైలెక్కితే మా వైపు జనానికి అది కాశీయే. గంట తిరక్కుండా తిరుమలరావు భార్య పసుపుగుడ్డలో ముడుపు కట్టి తెచ్చింది. మంచాన ఉన్న అత్తగారి కోసం గంగనీళ్ళు తెమ్మని సీసా కూడా ఇచ్చింది. మధ్యాహ్నానికి వీధంతా ముడుపులు, సీసాలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. సాయంత్రం బొబ్బిలి దగ్గర మామిడితోట నుంచి సూర్యారావు అక్క సుభద్రమ్మ దిగింది. ఆ తోటలో ఒక్కతే ఉంటూ కూలీలని గడగడలాడించే మనిషి.

"ఒరే సూరీ, కాశీకెళ్తే ఇష్టమైంది ఒకటి వదిలీసి రావాల. నీకు వంకాయంటే పేణం కదా, అదే వదిలీ. నువ్వూ అంతేనే కాంతం."

"వదినా, అసలు సంగతేటంటే..."

"ఉండవే! మీరొచ్చిన రోజే సమారాధన. వంటోళ్ళకి సెప్పీసినాను."

పాపం, కాంతం ఆ సీసాలన్నీ సంచీలో సర్దుకుంది.

అడవిలో మొదటి సఫారీలో నెమళ్ళు కనబడ్డాయి. రెండోదాంట్లో జింకలు. మూడోదాంట్లో బురదలో పులి అడుగు. "ఎంత పాదమండీ!" అని కాంతం జీపు కదిలేదాకా దాన్నే చూసింది. మర్నాటి సఫారీలో చెరువు దగ్గర పులి ఖాయమని గైడు ఒట్టేసి మరీ చెప్పాడు.

ఆ సాయంత్రం కాంతం గదిలోకి వచ్చేసరికి సూర్యారావు సీసాలన్నీ వరసగా పెట్టి కుళాయి తిప్పుతున్నాడు.

"ఏటి సేస్తన్నారు?"

"గంగ. ఎవులికి తెలుస్తాది?"

కాంతం ఉరికొచ్చి కుళాయి కట్టేసింది. "పులి సంగతి దాసినాం, సరే. తిరుమలరావుగారి అమ్మ ఆఖరి గడియలో తాగే నీళ్ళండీ ఇవి! ఆ ముసలమ్మ నోట్లో కుళాయి నీళ్ళు పోయిస్తారా?"

"మరేటి సేద్దామంటావు?"

"కాశీకెళ్దాం."

తెల్లారి జబల్‌పూర్‌లో రైలెక్కితే కాశీ చూసుకుని సమారాధన వేళకి ఇల్లు చేరొచ్చు. ఆ రైలు తప్పితే లేదు. సఫారీకి వెళ్తే రైలు తప్పుతుంది.

"మరి పులో?" అన్నాడు సూర్యారావు.

"దాని కర్మ, నన్ను సూసే యోగం లేదు" అంది కాంతం. అని, సంచీ సర్దుతూ కళ్ళు తుడుచుకుంది.

కాశీలో ముడుపులు చెల్లించారు, సీసాలు నింపారు, గంగలో మునిగి వంకాయ వదిలేశారు. ఆ మునకలో సూర్యారావు కూడా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

పదో రోజున ఇంటికొస్తే వాకిట్లో టెంటు, టెంటు నిండా జనం. గంగనీళ్ళ కేసి చూసిన నాథుడు లేడు. అందరూ సుభద్రమ్మ చుట్టూ మూగి ఉన్నారు. టీవీ విలేకరి ఒకడు ఆవిడ నోటి దగ్గర మైకు పెట్టాడు.

"బిందెట్టుకుని బోరు కాడికెళ్తే మామిడిసెట్టు కింద కూసున్నాది. పులి! నన్ను సూసి, ఆవులించి, లేసి పోనాది."

కాంతం సంచీ కింద పడేసింది.

"వదినా! మేం ఇల్లు కదిలింది దానికోసమే! కాశీకి కాదు, పులిని సూద్దామనెళ్ళినాం!" అని అందరిముందూ భోరుమంది.

సూర్యారావు తలొంచుకున్నాడు.

సుభద్రమ్మ ముక్కున వేలేసుకుంది. "ఓసి నీ అసాధ్యం కూలా! ఆ ముక్క ముందే సెప్తే మా తోటకి రమ్మందును గదే! మీరు రైలెక్కిన రెండోనాటి నుంచీ అది అక్కడే తిరిగినాది. ఫారెస్టోళ్ళు తరిమితే నిన్ననే ఒడిశా వైపు పోనాది."

ఇంతలో వంటాయన వచ్చి విస్తళ్ళు వెయ్యమన్నాడు. గుత్తివంకాయ కూర అద్భుతంగా కుదిరిందని ఊరంతా మెచ్చుకుంది. ఆ మాట నమ్మడం తప్ప సూర్యారావు దంపతులకి మరో దారి లేకపోయింది.