వ్యతిరేకంగా ఒక్క ఓటు

అన్యాయానికి ఎదురు నిలిచినవారి చరిత్ర ఎవరైనా రాస్తే అందులో నా పేరు ఉండి తీరాలి. ఎందుకంటే నేను నిలిచాను. మైకు ముందు నిలిచాను. మధ్యలో కరెంటు పోయినా మాట్లాడుతూనే నిలిచాను!

నేను మా పురపాలక సంఘంలో సభ్యుణ్ణి. ఊరి చివర చెట్లతో నిండిన పురపాలక స్థలంలో ఒక పెద్ద కంపెనీ ఆఫీసు క్యాంపస్ కడతానని దరఖాస్తు పెట్టుకుంది. అద్దాల భవనాలు, వేలమంది ఉద్యోగులు, లోపలే ఈతకొలను! ఆ స్థలంలోనే ఒక మూల మా వదిన మొక్కల నర్సరీ ఉంది. అన్నయ్య పోయాక ఆ నర్సరీ మీదే ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది.

"నువ్వున్నావనే ధైర్యం మరిదీ" అంది వదిన.

"నా కంఠంలో ప్రాణముండగా ఒక్క ఆకు రాలనివ్వను వదినా!" అన్నాను. అది ఆకురాలే కాలమని ఆవేశంలో గుర్తు రాలేదు.

ఇంటికెళ్తే మా ఆవిడ కర్టెన్ల రంగులు చూస్తోంది. ఆ స్థలానికి సరిగ్గా ఎదురుగా మేమొక జాగా కొని ఉంచాం. క్యాంపస్ వస్తే అక్కడ ఉద్యోగినుల హాస్టల్ కట్టాలని మా సంకల్పం.

"అక్కయ్యకేం చెప్పారు?" అంది.

"వ్యతిరేకిస్తానని మాటిచ్చాను."

ఆవిడ చేతిలోని గుడ్డముక్క జారిపోయింది. "మరి మన హాస్టల్?"

"పిచ్చిదానా! నేనొక్కణ్ణి వద్దంటే ఆగుతుందా? మిగతా వాళ్ళంతా సరేనంటారు. వదిన దగ్గర మాట దక్కుతుంది, మనకి హాస్టలూ దక్కుతుంది."

"మీరు రాజకీయాల్లోకి ఇంకా ముందే రావాల్సిందండీ" అని మురిసిపోయింది.

సభ రోజున గ్యాలరీ కిక్కిరిసింది. మొదటి వరసలో మా వదిన. నేను లేచాను. "చెట్టంటే కట్టె కాదు! చెట్టంటే అమ్మ! అమ్మను నరికి కుర్చీ చేయించుకుంటామా?" అని గర్జించాను. ఆ మాటకు కలప డిపో సభ్యుడు ఉలిక్కిపడ్డాడు. ఆయన్ని మేము మౌనస్వామి అంటాం. సభలో ఆయన నోరు తెరిచేది టీ తాగడానికే. గ్యాలరీలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఒక దశలో నా కళ్ళూ చెమ్మగిల్లాయి!

నేను కూర్చోగానే మందుల షాపు సభ్యుడు లేచి, "నేనూ వ్యతిరేకమే!" అన్నాడు. లాయరు సభ్యుడు, "నేను మొదట్నుంచీ వ్యతిరేకం!" అన్నాడు. చప్పట్లు ఎటు పడితే మనుషులు అటే లేస్తున్నారు.

"వ్యతిరేకించేవారు చేతులెత్తండి" అన్నారు చైర్‌పర్సన్ గారు.

అన్ని చేతులూ లేచాయి. పైకెళ్ళిన నా చెయ్యి దిగే దారి తెలియక అక్కడే ఉండిపోయింది.

"దరఖాస్తును సభ ఏకగ్రీవంగా... తిరస్క..." అని ఆవిడ నీళ్ళ గ్లాసు అందుకున్నారు. గ్యాలరీ చప్పట్లతో మార్మోగింది. ఇటు మా మొహాల్లో మాత్రం కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

టీ విరామంలో పక్కగది తలుపు మూసుకున్నాం.

"నువ్వు సరేనంటావనుకున్నానయ్యా! గేటు పక్కన షాపు కూడా మాట్లాడేసుకున్నాను" అని మందుల షాపు సభ్యుడు లాయరు మీద పడ్డాడు.

"నేను నిన్ను నమ్ముకున్నాను కదయ్యా!" అన్నాడు లాయరు.

"మా అల్లుడికి అక్కడ క్యాంటీన్..." అని మొదలుపెట్టి చైర్‌పర్సన్ గారు దగ్గులోకి దిగారు.

చివరికి అందరూ నావైపు తిరిగారు. "అంత బాగా మాట్లాడమని నిన్నెవరడిగారు?"

మౌనస్వామి ఒక మూల టీ చల్లార్చుకుంటున్నాడు.

లాయరే దారి కనిపెట్టాడు. "చేతులెత్తించడం వల్ల సభ్యుల అంతరాత్మ మీద ఒత్తిడి పడింది. రహస్య ఓటింగు పెట్టాలి."

"నిబంధనల్లో ఉందా?" అన్నారు మా వెంటే వచ్చిన పురపాలక కమిషనర్ గారు.

"కూడదని ఎక్కడుంది?"

అలా ప్రజాస్వామ్యం బతికి బట్టకట్టింది. సభ మళ్ళీ కూడింది. చీటీలు పంచారు. నేను 'అనుకూలం' దగ్గర గుర్తు పెట్టి, మడిచి, డబ్బాలో వేశాను. తలెత్తితే గ్యాలరీలోంచి వదిన నన్ను చూసి నవ్వుతోంది. చీటీ వెనక్కి తీసుకుందామని చెయ్యి చాపాను. అప్పటికే చీటీ డబ్బాలో పడిపోయింది.

ఫలితం చదివారు. ఒక్కరు తప్ప అందరూ అనుకూలం. వ్యతిరేకం, ఒక్క ఓటు!

"ఆ ఒక్కడెవరో మాకు తెలుసు!" అని గ్యాలరీలో ఎవరో అరిచారు. జనం వచ్చి నన్ను చుట్టుముట్టారు. కాదని చెప్పడానికే నోరు తెరిచాను. ఒట్టు! కానీ అలవాటు పడిన నోరు కదా, "ప్రజల కోసం ఓడిపోవడం కూడా గెలుపే!" అనేసింది.

వదిన జనాన్ని తోసుకుంటూ వచ్చింది. నర్సరీ నుంచి తెచ్చిన గులాబీ కుండీ నా చేతుల్లో పెట్టింది.

"నర్సరీ పోతే పోయింది మరిదీ. ఇంతమందిలో మా కోసం నువ్వొక్కడివే నిలబడ్డావు. నాకది చాలు."

నేను తల దించుకున్నాను. వినయమనుకున్నారు.

ఇంతలో మౌనస్వామి చెమటలు కక్కుతూ వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు.

"సార్! మీ మాటలు విన్నాక నా మనసు మనసులో లేదండీ. ఆ చెట్లు కొడితే కలపంతా మా డిపోకే వచ్చేది. పోనీ అనుకున్నా. వ్యతిరేకంగా వేసేశా." ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అంతవరకూ ఎవరమూ వినలేదు. "కానీ ఇందులో ఏదో మోసం జరిగింది సార్! నాదొకటి, మీదొకటి, రెండు రావాలి కదా! ఒక్కటే అంటారేంటి? పదండి, మళ్ళీ లెక్కపెట్టమని నిలదీద్దాం!"

వదిన నా మొహంలోకి చూసింది. నేను గులాబీలోకి చూశాను.

"అక్కర్లేదన్నయ్యా" అంది వదిన ఆయనతో. "లెక్క సరిగ్గానే ఉంది."

కుండీ నా చేతుల్లోంచి తీసుకుని ఆయన చేతుల్లో పెట్టింది.