రాజుగారి ఊసరవెల్లికి పింగాణీ పళ్ళెం

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఎంతనుకున్నారు, కమిటీలే నూటపదహారు ఉండేవి, పులిరాజుగారు ముచ్చటపడి ఓ ఊసరవెల్లిని పెంచుకుంటున్నారు. పేరు వన్నెలయ్య. వాడికో వెదురు గూడు కట్టించి, చూసుకోవడానికి పేరిందేవమ్మ అనే ఉడుతను పెట్టారు.

పేరిందేవమ్మకు నోరు కాస్త ఎక్కువే గానీ మనసు వెన్న. కదలని పురుగు వన్నెలయ్య కంటికి ఆనదని వారం తిరక్కుండానే కనిపెట్టింది. కొబ్బరిచిప్పలో గరుకు బెరడొకటి నిలబెట్టి, వాడు కూర్చునే కొమ్మ పక్కనే వేలాడదీసింది. చిప్పలో వేసిన మిడత ఆ బెరడు పట్టుకుని పైకి పాకేది. వన్నెలయ్య ఒక కన్ను ఇటూ, ఒక కన్ను అటూ తిప్పి, నాలుక చాచి లటుక్కున లాగేసేవాడు.

"ఇవాళ్టి మిడత ఎక్కడ పట్టావమ్మా, కరకరలాడిపోయింది!" అనేవాడు.

ఇలా ఉండగా ఓనాడు రాజుగారు వచ్చి చూశారు.

"చిప్పా? చూసినవాళ్ళు నా ఊసరవెల్లి అడుక్కుతింటోందనుకోరూ?" అని గర్జించారు.

ఇంకేముంది, సాయంత్రానికల్లా పళ్ళెం ఎంపిక కమిటీ పుట్టుకొచ్చింది. అధ్యక్షుడు ఎలుగుబంటి, కార్యదర్శి నక్క. ఆ ఇద్దరూ లేని కమిటీ ఆ అడవిలో లేదు.

"అయ్యా, ఓమాటు వన్నెలయ్యను కూడా అడగండి," అంది పేరిందేవమ్మ.

"తినేవాణ్ణి అడిగితే పక్షపాతం అవదూ?" అంది నక్క కళ్ళజోడు సవరించుకుంటూ.

"పోనీ మీరెప్పుడైనా నాలుక చాచి మిడతను పట్టారా?"

"పట్టలేదు గనకే మమ్మల్ని వేశారు," అంది ఎలుగుబంటి గంభీరంగా.

తొమ్మిది సమావేశాలయ్యాక ఎంపిక పూర్తయింది. వనభోజనాలకొచ్చిన మనుషులు వాగు ఒడ్డున మరిచిపోయిన పింగాణీ పళ్ళెం. తెల్లగా, నున్నగా, అంచుకు బంగారు గీతతో ధగధగలాడుతోంది. చిప్ప పీకేసి, పళ్ళేన్ని గూడు మధ్యన నేలమీద పెట్టారు. ఇరవై మిడతల్ని వడ్డించారు. అవి ఇరవై క్షణాలు కూడా ఉండలేదు, తలా ఓ దిక్కుకు గెంతాయి. ఒకటి ఉపన్యాసమిస్తున్న అధ్యక్షులవారి ముక్కు మీదే వాలింది.

"మిడతలకు క్రమశిక్షణ లేదు," అని తేల్చింది నక్క.

మర్నాటినుంచి తుమ్మజిగురు పూసి మిడతల్ని పళ్ళేనికి అంటించారు. బళ్ళో పిల్లల్లా వరసలుగా కూర్చున్నాయి. చూడ్డానికి ఎంత బాగుందో!

"పేరిందేవమ్మా, పళ్ళెంలో ఏమైనా ఉందా?" అన్నాడు వన్నెలయ్య.

"ఉంది నాయనా, ఇరవై మిడతలు."

"నాకు పళ్ళెమొక్కటే కనిపిస్తోంది."

పేరిందేవమ్మ చేత్తో ఓ పురుగు పెట్టబోతే నక్క చూసేసింది. పళ్ళెంలో తప్ప ఇంకెక్కడ తిండి పెట్టినా ఉద్యోగం ఊడుతుందని బెదిరించింది.

రోజూ పొద్దున్నే ఎలుగుబంటి తనిఖీకి వచ్చేది. "పళ్ళెం నిండుగా ఉంది. ఇంకా మిగిలిందంటే కడుపు నిండినట్టేగా! తృప్తిగా ఉన్నాడని రాయి," అనేది. నక్క రాసేది. తర్వాత ఆ మిగులు వృథా పోకూడదని ఇద్దరూ కూర్చుని జిగురుతో సహా నాకేసేవారు.

ఆరోరోజుకు వన్నెలయ్య నల్లబడిపోయాడు. కళ్ళు లోపలికి పోయాయి, కొమ్మ మీద పట్టు జారుతోంది.

"నలుపు హుందాగా ఉంది," అంది ఎలుగుబంటి.

పేరిందేవమ్మ ఇక ఊరుకోలేకపోయింది. బంగారంలాంటి ప్రాణిని తన కళ్ళముందే చంపేస్తున్నారు. ఉద్యోగం పోతే పోయింది, వీడు పోతే మళ్ళీ వస్తాడా అనుకుంది.

మర్నాడు కమిటీకి సన్మానం. రాజుగారే స్వయంగా వచ్చారు. అడవి అడవంతా పళ్ళేన్ని చూస్తుంటే పేరిందేవమ్మ గూడు తలుపు తీసి, "పద నాయనా," అంది. వన్నెలయ్య బయల్దేరాడు. ఊసరవెల్లి నడక మీకు తెలుసుగా, ఒకడుగు ముందుకేసి, కాస్త ఊగి, ఆలోచించి మళ్ళీ ఇంకోటి. పట్టపగలు, అందరి మధ్యనుంచి, నాలుగు ఉపన్యాసాలంత సేపు నడిచాడు. ఒక్కరంటే ఒక్కరు చూస్తే ఒట్టు!

చివర్న రాజుగారు గూట్లోకి తొంగిచూశారు. "ఏడీ వన్నెలయ్య?"

నక్క కూడా తొంగిచూసింది. "ఆకుల్లో... కలిసిపోయి... నిద్రపోతున్నాడు ప్రభూ."

"పేరిందేవమ్మా, వాడు బాగా తింటున్నాడా?"

ఆవిడ పక్కనున్న తంగేడు పొద వైపు ఓరగా చూసింది. అక్కడ పాత కొబ్బరిచిప్ప ఊగుతోంది. లటుక్కుమని చప్పుడైంది.

"బ్రహ్మాండంగా తింటున్నాడు ప్రభూ," అంది. అందులో అబద్ధమేమీ లేదు.

"అయినా పళ్ళెం నిండుగానే ఉంది! భలే పళ్ళెం!" రాజుగారు పొంగిపోయి ఎలుగుబంటి, నక్కల వైపు తిరిగారు. "ఇంత తృప్తి ఒక్క ఊసరవెల్లికేనా? రేపట్నుంచి మీ ఇద్దరికీ ఇందులోనే భోజనం. రోజూ సాయంత్రం పేరిందేవమ్మ తనిఖీ చేస్తుంది. ఒక్క మిడత తగ్గినా తృప్తి తగ్గినట్టే. ఎందుకు తగ్గిందో నా గుహకొచ్చి చెప్పుకోవాలి."

వారం గడిచింది. ఎలుగుబంటి, నక్క పళ్ళేనికి చెరోపక్కా కూర్చుని, ఇరవై మిడతల్నీ చూస్తూ లొట్టలు వేస్తున్నాయి. ఎలుగుబంటి బొచ్చు వదులైపోయింది.

"అమ్మా పేరిందేవమ్మా, ఒక్కటంటే ఒక్కటి..." అంది నక్క నీరసంగా.

పేరిందేవమ్మ కళ్ళజోడు సవరించుకుంది. అది నక్కదే, చిక్కిన మొహం మీద నిలవక జారిపోతుంటే తీసి పెట్టుకుంది.

"పళ్ళెం నిండుగా ఉంది," అని రాసుకుంది. "ఇద్దరూ తృప్తిగా ఉన్నారు."

నీతి: ఎవరి కడుపైనా నిండిందో లేదో కడుపునడక్కండి, అది అబద్ధాలాడుతుంది, పళ్ళేన్నే అడగండి.