హమారీ హీరో వాపస్ ఆయీ

పాత సినిమాలో మగవాడి వేషాన్ని ఆడపిల్లకిచ్చి, ఆడవేషాన్ని మగవాడికి తగిలించి, ఆ సినిమానే మళ్లీ తీసే మహానుభావులను ఏనుగు మీద ఊరేగించాలి! నవ్వకండి. ఆషామాషీగా అంటున్న మాట కాదిది. మందులకు లొంగని నడుంనొప్పిని కుదిర్చే శక్తి ఆ సినిమాలకుంది. సాక్ష్యం కావాలా? భిలాయి క్యాంప్ 1లో నరసింగరావును చూడండి.

నరసింగరావు విజయనగరం వైపు నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటులో ముప్పై నాలుగేళ్లు క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఆయన్ను ఇంత దూరం తెచ్చింది కడుపాకలి కాదు, ఒక సినిమా. దాని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, క్రేన్ సినిమా అనే అంటారు. అందులో కోరమీసాల హీరో క్రేన్ ఎక్కి, కూలీల నెత్తిన పడబోతున్న ఉక్కు బకెట్టును తప్పించి, కిందికి దిగి విలన్‌ను తంతాడు. హీరోయిన్ గేటు దగ్గర టిఫిన్ క్యారేజీ పట్టుకుని ఏడుస్తుంది. నరసింగరావు ఆ సినిమాను పందొమ్మిదిసార్లు చూశాడు. పెళ్లిచూపులకు ఆ మీసంతోనే వెళ్లాడు.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. తెలుగులో "నేను వస్తాను" అని ఆడా అనవచ్చు, మగా అనవచ్చు. హిందీ అలా ఊరుకోదు. మాట్లాడేది మగో ఆడో ప్రతి క్రియకూ తోక తగిలించమంటుంది. ఆ తోకలు ఎక్కడ తగిలించాలో నలభై ఏళ్లయినా నరసింగరావుకు పట్టుబడలేదు. ఉద్యోగంలో చేరిన రోజు ఆఫీసరు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, ఎత్తు అంటే భయమా అని. "మై నహీ డర్తీ!" అన్నాడు ఈయన, ఛాతీ విరిచి. అంటే, భయపడని ఆడదాన్ని అని. ఆఫీసరు మీసం వంక చూసి సంతకం పెట్టేశాడు. వ్యాకరణం ప్రకారం ఆ ప్లాంటులో చేరిన మొదటి మహిళా క్రేన్ ఆపరేటర్ నరసింగరావే! అప్పుడెవరైనా అభ్యంతరం చెప్పారా?

ఇక ఇప్పటి మాట. పెళ్లయిన ఇరవయ్యేళ్లకు లేకలేక పుట్టిన కూతురు సుప్రియ డిప్లొమా పాసయింది. ఊరి చివర ఒక ప్రైవేటు వర్క్‌షాపులో క్రేన్ ఆపరేటర్ పరీక్షకు పిలుపొచ్చింది. సోమవారమే. పిలిచిన పన్నెండు మందిలో ఆడపిల్ల ఒక్కతే. మిషను సంగతి ఆమెకు తెలుసు. తెలియనివల్లా కింద నిలబడినవాడు చేతులతో ఇచ్చే సిగ్నళ్లు. అవి తండ్రికి కంటిపాప మీద రాసి ఉన్నాయి. రెండు వారాలుగా వెంటపడుతోంది.

"నాన్నా, బస్, ఒక్కసారి చూపించు!"

"పుస్తకంలో బొమ్మలున్నాయి కదేటి, సూసుకో."

"బొమ్మలు కదలవు కదా నాన్నా!"

"ఆడపిల్లకి క్రేనేటి? నలుగురూ ఇంటే నవ్వుతారు. అయినా నా నడుం సచ్చిపోతంది, నాను లెగలేను."

సరిగ్గా అప్పుడే దేవుడు ట్రైలర్ పంపాడు. అదే క్రేన్ సినిమా, మళ్లీ తీశారు. క్రేన్ మీద అమ్మాయి. గేటు దగ్గర క్యారేజీతో ఆమె మొగుడు!

పదకొండేళ్లుగా గుడ్ మార్నింగ్ పువ్వులు తప్ప మరేమీ పూయని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. మీసం ఎవరు మెలేస్తారని సెక్టర్ 4 నుంచి సూర్యారావు నిలదీశాడు. పాతదాంట్లో హీరో తల్లి గుడ్డిది కదా, కొత్తదాంట్లో తండ్రిని గుడ్డివాణ్ని చేస్తే ఊరుకునేది లేదని గురునాథరావు హెచ్చరించాడు. మగాడి కళ్లు పీకే హక్కు వీళ్లకెవరిచ్చారట! వానపాటలో తడవాల్సింది ఎవరన్న దాని మీద గ్రూపు రెండుగా చీలింది. ఎద్దును లొంగదీసే సీనులో ఆవును పెడతారేమోనని ఒకాయనకు నిద్రపట్టలేదు. ఇంకొకాయన ముందు సినిమా చూసి తర్వాత మాట్లాడుకుందామన్నాడు. ఆయన్ను గ్రూపులోంచి తీసేశారు.

చూశారా మేలు! టిక్కెట్టు కొనకుండా, కాలు బయటపెట్టకుండా, ఇంత కోపం ఏ సినిమా ఇచ్చింది?

నరసింగరావు నడుంనొప్పి ఏమైందో తెలియదు. మంచం మీంచి లేచి, రెండు మైళ్లు నడిచి, బోర్డులు రాసే పెయింటరు దగ్గరకు వెళ్లాడు. "మా హీరో తిరిగి రావాలి" అని బ్యానర్ కావాలి, సినిమా హాలువాళ్లకు అర్థమయ్యేలా హిందీలో కావాలి. మాటలు ఆయనే చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాయడం పెయింటరు ధర్మం. "హమారీ హీరో వాపస్ ఆయీ!" ఎర్ర రంగు, ఒక్కో అక్షరం అరచేయంత.

ఇంట్లో సుప్రియ ఆ బ్యానర్ చదివింది. ఏదో అనబోయి, తండ్రి మొహం చూసి, ఆగిపోయింది.

"ఏటి, బాగుందా?"

"ఏక్‌దమ్ ఫస్ట్‌క్లాస్, నాన్నా."

సినిమా విడుదలైన శనివారం, ఉదయం ఆటకు పదిహేను మంది పెద్దలు బ్యానర్ పట్టుకుని హాలు మీదికి దండెత్తారు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. బ్యానర్ చదివాడు. వంగి నరసింగరావు కాళ్లకు దండం పెట్టాడు. "ఆయియే దాదాజీ, ఆయియే! క్యా బాత్ హై!" అంటూ లోపలికి పిలిచి అందరి మెడల్లో దండలు వేశాడు, సమోసాలు తెప్పించాడు. బ్యానర్ ముందు నిలబెట్టి ఫొటోలు తీయించాడు. 'హమారీ' అన్నాక, 'ఆయీ' అన్నాక, హిందీవాడికి దానర్థం ఒక్కటే. మా ఆడ హీరో తిరిగి వచ్చేసింది! ఆహ్వానించడానికి వచ్చిన పెద్దలను ఏ మేనేజరు నిలబెడతాడు? ముందు వరుసలో కూర్చోబెట్టాడు. నోటినిండా సమోసా పెట్టుకుని నినాదం ఇవ్వడం ఎవరివల్లా కాలేదు.

నరసింగరావు చేతులు కట్టుకుని చూశాడు. క్లైమాక్స్ వచ్చింది. కింద నిలబడినవాడు చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. బరువు పైకి లేపమని దానర్థం. క్రేన్ మీది అమ్మాయి కిందికి దించింది. హాలంతా చప్పట్లు.

"ఆపండ్రా!" నరసింగరావు సీట్లోంచి ఎగిరాడు. "ఏలు పైకి సూపితే ఎత్తాల గానీ, దించీసిందేటి? కింద ఉన్నోళ్లు సచ్చిపోరూ? ఆడోళ్ల సేతికి క్రేనిస్తే ఇదే అవుద్దని నాను ముందే సెప్పినాను!"

పక్కనున్న అప్పలకొండ చొక్కా పట్టి లాగాడు. ఆయన పక్కింటివాడే. ప్లాంటులో నరసింగరావు క్రేన్ కింద నిలబడి సిగ్నళ్లిచ్చినవాడు.

"కూకో బావా. పాత బొమ్మలో ఆడూ దించీసినాడు."

"ఎవుడు?"

"నీ మీసపోడు."

బయటికొచ్చాక అప్పలకొండ ఫోనులో పాత సినిమా పెట్టి చూపించాడు. అదే వేలు. అదే గుండ్రం. కోరమీసాల హీరో నిదానంగా, ఠీవిగా, కిందికి దించాడు. నరసింగరావు మూడుసార్లు వెనక్కి తిప్పించి చూశాడు.

"పందొమ్మిదిసార్లు సూసినాను. నాకెప్పుడూ కనబడ్నేదేటి?"

"నువ్వు మీసం సూస్తన్నావు. ఏలెక్కడ సూస్తావు?"

ఈలోగా మిగతా పెద్దలంతా గేటు దగ్గరి మొగుడి మీద జాలిపడుతున్నారు. పాపం, కుర్రాడికి ఒక్క డైలాగు లేదు, క్యారేజీ మోయడం, ఏడవడం తప్ప వేరే పనే లేదు, ఇదేం అన్యాయం! ఇంటికెళ్లి నరసింగరావు ఆ మాటే భార్య హేమమాలినితో అన్నాడు. ఆమె బట్టలు ఆరేస్తోంది.

"ముప్పై నాలుగేళ్లు ఆ ఏషం నాను ఏసినాను. నాకేటి డైలాగులున్నాయి?" అంది. ఇంకో చీర దులిపి తీగ మీద వేసింది.

నరసింగరావు విననట్టు గుమ్మంలో నిలబడి, హాల్లో జరిగిన తప్పును చేతులు ఊపుతూ వర్ణించసాగాడు. సుప్రియ ఎదురుగా కూర్చుంది. మొహం అమాయకంగా పెట్టింది.

"అయితే సరైన సిగ్నల్ ఏది నాన్నా?"

"ఇదీ! ఏలు పైకి, గుండ్రంగా. ఎత్తాల. ఏలు కిందికి, గుండ్రంగా. దించాల."

"మరి పక్కకి జరపాలంటే?"

"సెయ్యి సాపి అటు తొయ్యాల."

"ఉన్నపళంగా ఆపేయాలంటే?"

"రెండు సేతులూ సాపి... ఒరే అప్పలకొండా! ఇలా రారా! మాటల్తో అయీది కాదిది."

మేడ మీద కప్పీకి తాడు కట్టారు, తాడుకు నీళ్ల బకెట్టు కట్టారు. సుప్రియ పిట్టగోడ వెనక తాడు పట్టుకుంది. వాకిట్లో అప్పలకొండ సిగ్నళ్లిచ్చాడు. ఆ రోజు సాయంత్రం దాకా, మర్నాడు ఆదివారమంతా నరసింగరావు మేడకూ వాకిలికీ మధ్య ముప్పైసార్లు మెట్లెక్కి దిగాడు. సినిమావాళ్ల తప్పును రుజువు చేయడానికే సుమండీ, కూతురికి నేర్పడానికి కాదు! మొదటి రోజు హేమమాలిని ఆరేసిన బట్టలు రెండుసార్లు తడిశాయి. రెండో రోజు ఒక్క చుక్క పడలేదు.

సోమవారం మధ్యాహ్నం సుప్రియ తిరిగొచ్చింది. పాసయింది. నరసింగరావు పైకి మామూలుగానే అడిగాడు.

"ఎన్ని సిగ్నళ్లు అడిగినారు?"

"అబ్బాయిలను తలా నాలుగు. నన్ను ఇరవై రెండు."

"ఇరవై రెండా! ఎందుకు?"

"ఏమో. ఇంకా నిచ్చెన ఎక్కగలవా, పైన కళ్లు తిరగవా, ఇంట్లో ఒప్పుకున్నారా అని కూడా. ఒకబ్బాయి ఎత్తమంటే దించేశాడు నాన్నా. హో జాతా హై, అప్పుడప్పుడూ అవుతుందిలే, అని నవ్వి వదిలేశారు."

నరసింగరావు నవ్వలేదు. తనను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న ఆయనకు గుర్తొచ్చింది. తన జవాబూ గుర్తొచ్చింది. పందొమ్మిదిసార్లు వేలు చూడనివాడు, మొన్న హాల్లో ఒక్కసారికే ఎందుకు చూశాడో కూడా అర్థమైనట్టుంది. అమ్మాయి కాబట్టి చూశాడు. తప్పు కోసం వెతుకుతూ చూశాడు.

లేచి లోపలికెళ్లి, శనివారం అటక మీద పడేసిన బ్యానర్ దించాడు. మడతలు విప్పి, స్టూలు వేసుకుని, వీధి గుమ్మానికి ఈ చివర నుంచి ఆ చివరకు కట్టాడు.

"హమారీ హీరో వాపస్ ఆయీ!"

వీధిలో పోయే హిందీవాళ్లు ఆగి చదివారు, సుప్రియను చూశారు, చేతులెత్తి దీవించారు. నలభై ఏళ్లలో ఆయన హిందీలో తప్పులేని వాక్యం అదొక్కటే. ఆ సంగతి ఆయనకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.