నడుంనొప్పి మొక్క

శనివారం పొద్దున కళ్ళద్దాల దుకాణం ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, కొత్తగా చేతికొచ్చిన మడిలో కలుపు పీకడం, దుకాణం తెరిచే వేళకు ఇల్లు చేరడం. కాఫీ వరకూ అంతా సవ్యంగానే జరిగింది.

కాలనీ నీళ్ళట్యాంకు వెనక ఖాళీ స్థలాన్ని కూరగాయల మడులుగా చేసి వంతులవారీగా ఇస్తారు. ఆయన వంతు వచ్చేసరికి కూతురి చదువు మొదలై పూర్తి కూడా అయిపోయింది. తీరా వచ్చాక మెలిక పెట్టారు. ఆదివారం సంఘం అధ్యక్షుడి తనిఖీ. కొత్త మడిలో కలుపు కనిపించిందా, అది వరసలో తర్వాతివాడికి పోతుంది. ఆ తర్వాతివాడు ఇంకెవడైనా అయితే ఆయన సర్దుకునేవాడే. స్వయానా బావమరిది అయి కూర్చున్నాడు!

మడి మధ్యలో పాత మనిషి వదిలేసిన మొక్కలు మోకాలెత్తున నిలబడి ఉన్నాయి. నూగు కాడలు, వెడల్పాటి ఆకులు, ఊదారంగు మొగ్గలు. పీకితే పంటేమో, ఉంచితే కలుపేమో! ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. మడి చుట్టూ తిరిగాడు.

"ఏం మొక్కలు బావగారూ అవి?" కంచె అవతలి నుంచి బావమరిది తొంగిచూశాడు.

తెలియదంటే పోయేది. కానీ బావమరిది ముందు తెలియదని ఒప్పుకున్న బావ ఇంకా పుట్టలేదు.

"నడుంనొప్పికి మందులే. ఆకు నూరి రాస్తే మంచం మీదున్నవాడు లేచి పరిగెత్తాల్సిందే."

"పేరేంటో?"

"పైకి చెబితే గుణం పోతుంది."

బావమరిది నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నానికి దుకాణం ముందు జనం. అద్దాల కోసం ఒక్కడు రాలేదు. మొదట పక్కమడి ప్లంబరు వచ్చాడు, ఆ వెనకే ఎదురుమడి టీచరమ్మ.

"అన్నయ్యగారూ, రెండాకులు ఇప్పించండి. కూర్చుంటే లేవలేకపోతున్నాను."

అవి మంచివో చెడ్డవో ఆయనకే తెలియదు. "ఇప్పుడు కొయ్యకూడదమ్మా, ముదరాలి" అన్నాడు. దాంతో మందు విలువ ఇంకా పెరిగింది. సాయంత్రానికి వాటితో మోకాళ్ళ నొప్పులు కూడా తగ్గుతాయని ప్లంబరే ఆయనకు చెప్పాడు.

ఇంటికెళ్తే భార్య నిలదీసింది. "ఎవరికైనా ఒళ్ళు బొబ్బలెక్కితే మన గతేంటండీ? మా తమ్ముడి ముందు గొప్పలకి పోయి ఊరందరి నడుములూ నెత్తికెత్తుకున్నారు!"

"తెల్లారగానే పీకి పారేస్తాను. మీ తమ్ముడి ముందు పరువు పోతే పోయింది, జైలుకెళ్ళే ఓపిక నాకు లేదు" అన్నాడు. అన్నాడే గాని ఆ పరువు పోతుందంటే ఏడుపొచ్చినంత పనయింది.

తెల్లవారి వెళ్ళి చూస్తే మడిలో మొక్కల్లేవు, గుంటలే ఉన్నాయి. వేళ్ళతో సహా ఎవరో తవ్వుకుపోయారు. పోలీసులకి చెప్పాలా, దేవుడికి దణ్ణం పెట్టాలా తేలక ఆయన మిగిలిన గడ్డి పీకి గుంటలు పూడుస్తూ ఉండగానే అధ్యక్షుడు రానే వచ్చాడు.

ప్లంబరు మడిలో ఊదారంగు మొగ్గల మొక్క దర్జాగా నిలబడి ఉంది. దానికి విడిగా నీళ్ళగొట్టం కూడా వేశాడు. టీచరమ్మ మడిలో ఒకటి, దానిమీద గొడుగు. ఏ మడి చూసినా అదే మొక్క.

"ఇదేంటి?" అన్నాడు అధ్యక్షుడు.

ప్లంబరు నేల చూపులు చూశాడు. టీచరమ్మ గొడుగు మడిచింది. అందరూ దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డారు.

"పేరు కూడా చెప్పలేనిది కలుపు కాక మరేంటి? అందరికీ ఇదే ఆఖరి హెచ్చరిక!"

"అవన్నీ మా బావగారి మడిలోవేనండీ!" కంచె అవతల నిలబడ్డ బావమరిది ఉండబట్టలేకపోయాడు. "మా బాల్కనీలో కుండీలో పెట్టింది కూడా అక్కడిదే!"

"ఓహో, తవ్వుకెళ్ళింది నువ్వన్నమాట. మడి రాకముందే దొంగతనమా? వరసలో చివరికి వెళ్ళు."

తర్వాత అధ్యక్షుడు కళ్ళద్దాలాయన మడి ముందు ఆగాడు. గడ్డిపోచ లేదు. మట్టి కొత్తగా తిరగేసి ఉంది.

"చూసి నేర్చుకోండయ్యా! ఏది మొక్కో ఏది కలుపో తెలిసిన మనిషి ఈయనొక్కడే. ఇకమీదట ఎవరికి అనుమానమొచ్చినా ఈయన్నే అడగండి."

ఆ పదవిలో ఆయన ఇంతవరకూ ఒక్క మొక్కనూ గుర్తుపట్టలేదు, ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు.