చెత్తబుట్టలో పన్నెండేళ్లు

ఆ వీధిలో ఎవరి మిక్సీ మొండికేసినా, ఎవరి ఫోను మూగబోయినా ముందుగా హాజరయ్యేది ఆయనే. అడిగినా సలహా చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు. అందుకే సర్వజ్ఞుడని పేరు పెట్టారు. ఆయన లెక్కలో లోకంలోకెల్లా తెలివితక్కువవాడు సొంత బావమరిది. "వాడికి పైన జుట్టు తప్ప లోపల ఏమీ లేదు" అని పదేళ్లుగా ఒకటే మాట.

భార్య పిల్లల పుస్తకాలకు కంప్యూటరులో బొమ్మలు వేస్తుంది. ఆ రోజు నాలుగింటికల్లా ఒక అట్ట బొమ్మ పంపాలి. కూరలకు వెళ్తూ, "నా కంప్యూటరు ముట్టుకోకండి" అని మరీ చెప్పి వెళ్లింది.

ఆమె మెట్లు దిగేదాకా ఆగి సర్వజ్ఞుడు కుర్చీలో కూర్చున్నాడు. పాత క్లాస్‌మేట్లంతా కలిసి అచ్చువేసుకుంటున్న జ్ఞాపకాల పుస్తకానికి ఫోటో పంపాలి మరి. బట్టతలతో పంపితే పరువేం కావాలి? ఆమె బొమ్మలు వేసే ప్రోగ్రాము తెరిచి, కంప్యూటరులోని పెళ్లి ఆల్బంలోంచి ఒకరి జుట్టు కత్తిరించి తన నెత్తిన నాటుకున్నాడు. మూడో ప్రయత్నానికి కుదిరింది. ఆ సంబరంలో చెయ్యి కీబోర్డు మీద పడి, తెర అంచుల్లోని కుంచెలు, రంగులు, పనిముట్లు అన్నీ మాయమయ్యాయి.

ఫోనులో వెతికితే ఎవరో మహానుభావుడు దారి చూపించాడు. ప్రోగ్రాము మన అలవాట్లన్నీ ప్రిఫరెన్సెస్ ఫైలులో రాసుకుంటుందట. దాన్ని తీసేస్తే అంతా కొత్తగా మొదలవుతుందట. ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా కూడా పోతుందట. పనిముట్లూ వస్తాయి, జుట్టు గుట్టూ బయటపడదు; ఒకే దెబ్బకు రెండు పిట్టలు.

ఫోల్డరు లోపలి ఫోల్డరులో అది దొరికింది. ఒక్క ఫైలు చాలని రాసి ఉన్నా, ఎందుకైనా మంచిదని ఫోల్డరు మొత్తం కంప్యూటరు చెత్తబుట్టలో పడేశాడు.

ప్రోగ్రాము అప్పుడే కొన్నట్టు తెరుచుకుంది. పన్నెండేళ్లుగా ఆమె ఒక్కొక్కటే తయారుచేసుకున్న కుంచెలు మాత్రం ఒక్కటీ లేవు. అంతలో గుమ్మంలో తాళం చప్పుడైంది.

తెర చూసి ఆమె సంచి కింద పెట్టడం కూడా మరిచిపోయింది. ఏడుపొక్కటే తక్కువ.

"నా కుంచెలేవండీ?"

"కరెంటు పోయి వచ్చింది."

"కరెంటు పోతే వీధంతా మీ సలహా కోసం మన గుమ్మంలో ఉండాలే. ఎవరూ లేరేం?"

"అయితే దానంతటదే అప్‌డేట్ అయ్యుంటుంది."

"నా కుర్చీ ఎత్తు కూడా అదే పెంచిందా?"

సర్వజ్ఞుడు కుర్చీలోంచి లేచాడు. "టూల్సు పోయాయి. బాగుచేద్దామని ఆ ఫోల్డరు తీసేశాను."

"చెత్తబుట్ట ఖాళీ చేశారా?"

"లేదు."

"ఇంట్లో చెత్త మీరు ఏనాడూ పారబోయలేదు. ఇవాళ ఆ అలవాటే కాపాడింది."

ఆమె ఫోల్డరును బయటికి తీసి దాని చోట పెట్టి, ప్రోగ్రాము మళ్లీ తెరిచి, ట్యాబ్ మీట నొక్కింది. కుంచెలతో సహా అన్నీ వచ్చి కూర్చున్నాయి.

"ఈ మీట నొక్కితే దాక్కుంటాయి, మళ్లీ నొక్కితే వస్తాయి. అంతే."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. కానీ వాటితో పాటు ఫైళ్ల జాబితా కూడా తిరిగొచ్చింది. అన్నిటికన్నా పైన "జుట్టు", "జుట్టు మంచిది", "జుట్టు ఇదే ఖాయం" అని ఉన్నాయి.

ఆమె మూడోది తెరిచింది.

"ఇది మా తమ్ముడి జుట్టు కదూ?"

"అదొక్కటే నాకు సరిపోయింది."

"పాపం, వాడికి జుట్టు తప్ప ఏమీ లేదన్నారు. ఆ ఉన్నదీ మీరే లాక్కున్నారు."

అట్ట బొమ్మ నాలుగింటికి ముందే వెళ్లింది. ఆ తర్వాత ఆయన ఫోటో కూడా వెళ్లింది, బట్టతలతోనే. ఆ సాయంత్రం వంటింటి చెత్తబుట్ట ఎవరూ చెప్పకుండానే ఆయనే ఖాళీ చేశాడు.