పిగిలిపిట్ట ఫొటోకు లెన్సు ఎంపిక కమిటీ

ఢిల్లీ ద్వారకలోని మా సొసైటీ తెలుగువారందరికీ సంతోషంగా తెలియజేయడమేమనగా, సాయినాథ్ అన్న వాళ్ల ఐదో అంతస్తు బాల్కనీలో, కరివేపాకు కుండీలో, పిగిలిపిట్ట మూడు గుడ్లు పెట్టింది. తక్షణమే కమిటీ వేశాం.

అన్న భార్య హైమవతి అక్క కోరిక చాలా చిన్నది. పిల్లలు ఎగిరిపోయేలోపు ఒక్క మంచి ఫొటో! అందుకోసం ఆవిడ ఆ కుండీలో రెబ్బ తుంచడం మానేసింది. నాలుగు టవర్ల తెలుగిళ్లకూ కరివేపాకు సరఫరా చేసే ఏకైక కుండీ అది. ఆనాటి నుంచి మా చారులన్నీ దాల్‌లాగే ఉంటున్నాయి. జాతి ఇంత త్యాగం చేశాక, అన్న కెమెరాతోపాటు ఊరికే వచ్చిన లెన్సుతో ఫొటో తీస్తే చరిత్ర క్షమిస్తుందా?

కమిటీకి అధ్యక్షులు పార్థసారథి అంకుల్. ముప్ఫై ఏళ్లు మంత్రిత్వ శాఖలో ఫైళ్లు చూసినవారు. కార్యదర్శిని నేను. నాకు కెమెరా లేదు గానీ అభిప్రాయాలు బోలెడు.

"దూరంగా ఉండి దగ్గరగా చూడటమే పరిపాలన. కాబట్టి జూమ్!" అని అంకుల్ ప్రారంభోపన్యాసం చేశారు.

"మాక్రో అయితే పిట్ట కంట్లో మన బాల్కనీ మొత్తం కనిపిస్తుంది అంకుల్!" అన్నాడు అన్న.

"అంత దగ్గరికెళ్తే పిట్టే ఉండదయ్యా."

"అయితే రెండూ కొందాం."

ఏకగ్రీవం. ఇక ఏ జూమ్, ఏ మాక్రో అన్నది మాత్రమే మిగిలింది. నలభై ఒక్క రివ్యూ వీడియోలు చూశాం. ఈలోగా కమిటీ అనుమతి లేకుండానే గుడ్లు పిల్లలయ్యాయి.

"కళ్లు తెరిచాయయ్యా దీపూ, రండి!" అని అక్క పిలిచింది.

"ఇంకా రిపోర్టు రాలేదక్కా," అన్నాను నేను.

చాందినీ చౌక్ కెమెరా బజారుకెళ్లాం. దుకాణం సర్దార్జీ ఒకే ప్రశ్న అడిగాడు, ఇంతకీ ఫొటో దేనికి తీయాలని. "ఫొటో కిస్‌కీ లేనీ హై, భయ్యా?" నలభై ఒక్క వీడియోల్లో ఎవ్వరూ అడగని ప్రశ్న! ఇలాంటి అవగాహన లేని మనిషి దగ్గర కొనరాదని తీర్మానించి, పక్క దుకాణంలో నాలుగు లెన్సులు అద్దెకు తెచ్చాం.

లెన్సును ఇటుక గోడ మీద పరీక్షించాలని శాస్త్రం. పిట్ట కదులుతుంది, గోడ సహకరిస్తుంది. మా పంపుహౌసు గోడకు ఆరువందల పన్నెండు ఫొటోలు తీశాం. జూమ్‌లో పదో వరస ఇటుకలు పిలిస్తే పలికేలా ఉన్నాయి. మాక్రోలో సిమెంటు పగుల్లోని చీమ మీసం చూసి అన్నకు కళ్లు చెమర్చాయి. ఢిల్లీలో ఒక గోడను ఇంత ప్రేమగా ఎవరైనా చూశారా అసలు!

అప్పుడే అక్క ఫోను. స్పీకరు పెట్టాడు అన్న.

"ఏవండీ, మొదటిది రెయిలింగెక్కేసింది! రండి!"

"ఒక్క నిమిషం హైమా, ఎడమ మూల ఇటుక మసగ్గా వస్తోంది."

"ఇటుక ఎక్కడికీ పోదండీ!"

నాలుగు లెన్సులు, మూడు కాళ్ల స్టాండు, అంకుల్ మోకాళ్లు. ఇవన్నీ లిఫ్టులో సర్దుకుని పైకి వెళ్లేసరికి గూడు ఖాళీ. అక్క ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"రెండు తుర్రుమన్నాయి. మూడోది భయపడి కాసేపు నా చెప్పు మీద కూర్చుందయ్యా! వాళ్లమ్మ తీగ మీంచి ఒకటే తిట్లు. అప్పుడు ఎగిరింది."

"మరి ఫోన్లోనైనా తీశారా అక్కా?"

"చూస్తున్నాను కదా, ఖాళీ ఎక్కడిది?"

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఫొటో ఆధారం లేనందున పిల్లలు ఎగిరినట్టు ధ్రువీకరించజాలమని అంకుల్ సంతకం చేశారు. గోడ ఫొటోలతో పన్నెండు నెలల క్యాలెండరు వేయించాం. జనవరికి ఎడమ మూల ఇటుక.

ఆ సాయంత్రం అక్క కుండీలో రెబ్బ తుంచి చారు పెట్టింది. ఆ వాసనకు నాలుగు టవర్ల తలుపులూ తెరుచుకున్నాయి. మేం తినబోయే ముందు పోపులోని కరివేపాకును మాక్రోతో తీశాం, సరిగ్గా వచ్చేదాకా తీశాం. చారు చల్లారింది.

ఈ వృత్తాంతమంతా మా ఢిల్లీ తెలుగువాళ్ల గ్రూపులో పెట్టాను. రెండు గంటల్లో నూట ఎనభై జవాబులు. మూడో పిల్ల క్షేమమా అని ఒక్కరూ అడగలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఇంతకీ ఏ లెన్సు కొన్నారు?

మీరూ అదే అడగబోతున్నారని తెలుసు. రండి, మా గోడ ఖాళీగానే ఉంది.