ఫుల్ స్కాలర్‌షిప్ మంజులత

"ప్రతిభ ఉన్న చోటికి డబ్బు అడ్రసు కనుక్కుని మరీ వస్తుంది!"

పెనుకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే మంజులత ప్రతి ఏడూ వీడ్కోలు సభలో ఈ మాట అనేది. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ డబ్బుకు మేడమ్ గారి అడ్రసు మాత్రం ఇంకా దొరకలేదని, ఆమె రోజూ ధర్మవరం నుంచి ప్యాసింజర్ రైల్లో నిలబడి వస్తోందని వాళ్లకేం తెలుసు?

అలాంటి మంజులతకు అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది. దాంతోపాటు స్కాలర్‌షిప్ కూడా! అక్షరాలా వెయ్యి డాలర్లు. మిగతా నలభై లక్షలూ ఆమె తెచ్చుకోవాలి. ఆ రెండో ముక్క చెప్పేలోగానే ఎదురింటి హనుమక్క అవ్వ అడిగింది.

"అంతా వాళ్లే పెట్టుకుంటారా పాపా?"

మంజులత తల ఊపింది. అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో గుర్తులేదని తర్వాత తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. నిలువుగానే ఊపింది.

సాయంత్రానికి ఆ తల ఊపు వీధి దాటింది. జరీ వ్యాపారి జయప్రకాష్ హుటాహుటిన వచ్చాడు. ఆ వీధిలో స్కాలర్‌షిప్ అనే మాట మీద అధికారం ఆయనదే. ఆయన కూతురు సుధ రెండేళ్ల కిందట ఫుల్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లింది. "సుధను చూసి నేర్చుకోమ్మా" అని మంజులత తండ్రి అంజనప్ప రోజూ మగ్గం మీద కూర్చుని పాఠం చెప్పేవాడు.

"అంజనప్పా, మన వీధికి ఇది రెండోది! ఫ్లెక్సీ నా ఖర్చు!" అన్నాడు జయప్రకాష్.

రెండో రోజుకల్లా అంజనప్ప ఇంటి గోడ మీద, ఇంటికంటే పెద్దదిగా ఫ్లెక్సీ వెలిసింది. అందులో మంజులత నల్లకోటు వేసుకుని ఉంది. కోటు స్టూడియోవాళ్లది. 'నూరు శాతం స్కాలర్‌షిప్ సాధించిన ధర్మవరం ధీర' అన్న మాట జయప్రకాష్‌ది. నవ్వు ఒక్కటే ఆమెది.

ఫ్లెక్సీ ఫీజు కట్టదు కదా! హిందూపురంలో పేద విద్యార్థులకు సాయం చేసే ట్రస్టు ఒకటి ఉందని విని మంజులత అక్కడికి వెళ్లింది. అధ్యక్షుడు శివకృష్ణ ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"రామ్మా రా! ఫోన్లో నీ ఫ్లెక్సీ చూస్తిమి. నువ్వే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినావంటే ఎంత మంచి మనసు! మా బీద పిల్లోళ్లకు నీ చేత్తో ఏమన్నా దుడ్లు ఇస్తావని..."

రసీదు పుస్తకం తెరిచి పెట్టాడు. "సార్, నేను వచ్చింది..." అని మొదలుపెట్టి మంజులత ఆ గది గోడల మీద దాతల ఫొటోలు చూసింది. పర్సులో ఉన్న రెండు వేలూ ఇచ్చింది. స్కాలర్‌షిప్ అడగడానికి వెళ్లి, స్కాలర్‌షిప్ ఇచ్చి వచ్చిన మొదటి అభ్యర్థిని తనే అయి ఉంటుందని తిరుగు రైల్లో అనుకుంది. ఏడవడానికి కూడా సీటు దొరకలేదు.

ఇక మిగిలింది బ్యాంకు. ఇల్లు తాకట్టు పెడతామని దరఖాస్తు ఇచ్చారు. మేనేజరు పౌలు ఇల్లు చూడటానికి వచ్చాడు. ఫ్లెక్సీ అడ్డమై ఇల్లు కనిపించలేదు.

"అమ్మా, దరఖాస్తులో స్కాలర్‌షిప్ వెయ్యి డాలర్లు అని రాశారు. గోడ మీద నూరు శాతం అని ఉంది. బ్యాంకు దేన్ని నమ్మాలి?"

"దరఖాస్తునే సార్. గోడది... వీధి కోసం."

"అయితే ఫుల్ స్కాలర్‌షిప్ రాలేదని రాసివ్వండి. ఈ ఫ్లెక్సీ వేయించిన పెద్దమనిషి సాక్షి సంతకం పెట్టాలి. నెలాఖరులోగా తెస్తే మంజూరు చేయిస్తాను."

నెలాఖరు దాటితే సీటు పోతుంది. ఆ రాత్రంతా మంజులత అటూ ఇటూ లెక్కలు వేసుకుంది. వీధంతా నవ్వినా ఓర్చుకోగలదు. అసలు సిసలు ఫుల్ స్కాలర్‌షిప్ తెచ్చుకున్న సుధ తండ్రి ముందు నిలబడి 'నాది ఉత్తిది మామా' అనడమెలా? చివరికి తెల్లవారగానే వెళ్లి, తల వంచుకుని మొత్తం చెప్పేసింది.

జయప్రకాష్ నవ్వలేదు, కోప్పడలేదు. చొక్కా తొడుక్కున్నాడు. "పద, పోదాం. మీ నాయన్ని కూడా పిలువు" అన్నాడు.

బ్యాంకులో ఆయన కాగితం చదవనైనా లేదు.

"పాత ఫార్మాటే కదా సార్?"

"అదే సార్. మీ సుధమ్మ లోనుకు అంజనప్ప గారు సాక్షి సంతకం పెట్టిన చోటే. కింద, ఎడమవైపు" అన్నాడు పౌలు.

మంజులత మెల్లగా తండ్రి వైపు తిరిగింది. అంజనప్ప ఫ్యాను వైపు తిరిగాడు.

"నాయనా! నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసుండీ దినామూ సుధను చూసి నేర్చుకో అంటాంటివే!"

"అనకపోతే వాళ్ల మర్యాద ఏం కావాలమ్మా?" అన్నాడు అంజనప్ప నెమ్మదిగా.

"మీ నాయన మాట నిలబెట్టినాడు. నేను ఫ్లెక్సీ నిలబెట్టినా" అంటూ జయప్రకాష్ సంతకం చేసి, గొంతు తగ్గించాడు. "వడ్డీ ఎంత పడిందమ్మా నీకు? మాకు ఎక్కువ ఏసినారు."

ముగ్గురూ వీధి మలుపు తిరిగేసరికి హనుమక్క అవ్వ అరుగు మీదే ఉంది.

"యాడికి పోయొస్తాండారు ముగ్గురూ?"

"బ్యాంకోళ్లు సన్మానం చేస్తామని పిలిచినారవ్వా!" జయప్రకాష్ తడుముకోకుండా చెప్పాడు.

మంజులతకు ఇక చాలనిపించింది. వీధంతా వినేలా అంది.

"కాదవ్వా! లోను కోసం పోయినాం. నాకు ఫుల్లూ రాలేదు, సగమూ రాలేదు. ఇల్లు తాకట్టు పెట్టి పోతాండా!"

అవ్వ లేచి వచ్చి, ఆమె రెండు చెంపలూ నిమిరి మెటికలు విరిచింది.

"చూడండే! ఇంత పెద్ద చదువు ఊరికే వచ్చినా, రవ్వంత గర్వం ఉండాదా ఈ పాపకు? దిష్టి తగులుతాదని ఎట్లా చెప్తాందో!"

"అది కాదవ్వా..." అంటూ మంజులత మళ్లీ నోరు తెరిచింది. అవ్వ కొంగులోంచి గుప్పెడు చక్కెర తీసి అందులో పోసింది.

చక్కెర తియ్యగానే ఉంది. మంజులత మింగేసింది.